సగం క్యాసెట్‌లో, సగం బయట: పాత వీడియో గేములపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కన్సోల్ గేముల గురించినవే. దారి వెతుక్కుంటూ సాగే సాహస గేములనూ, ఆలోచనకు పనిపెట్టే పజిల్ గేములనూ పెద్దవాళ్లయ్యాక కొత్తగా ఆడుతున్నవారు తమ అనుభవాలు రాసి, సందేహాలు అడిగారు. నేను చివరిదాకా ఆడినవాటి గురించి, సగంలో వదిలేసినవాటి గురించి, ఏది ఏదో చెబుతూనే సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేము ఉండేది. మారియో, కాంట్రా, బ్యాటిల్ సిటీ ఆడుతూ పెరిగాను. లెజెండ్ ఆఫ్ జెల్డా అనే గేమును అందరూ మెచ్చుకోవడం విని, ఈ మధ్య మూడు సాయంత్రాలు కూర్చుని ఆడాను. ఎటు వెళ్లాలో తెలియదు, ఎవరూ చెప్పరు, చచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి చోటికే వస్తున్నాను. విసుగొచ్చి ఆపేశాను. ఇంతమంది గొప్పదన్న గేము నాకు నచ్చకపోవడం నా లోపమా, గేము లోపమా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీ లోపం కాదండీ. గేము లోపమని కూడా ఒక్కమాటలో తేల్చలేను. మీ చేతికి వచ్చినది సగం గేము మాత్రమే. మిగతా సగం క్యాసెట్ బయట ఉండేది.

నింటెండో సంస్థ చేసిన ఈ గేము 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో, ఆ సంస్థ ఫ్యామికామ్ కన్సోల్‌కు తగిలించే డిస్క్ మీద వచ్చింది. 1987లో అమెరికాలో, ఫ్యామికామ్‌కు అక్కడి రూపమైన ఎన్ఈఎస్ కన్సోల్ కోసం బంగారు రంగు క్యాసెట్‌గా విడుదలైంది. దీని రూపకర్తల్లో ముఖ్యుడైన షిగెరు మియమోతో క్యోటో సమీపంలోని సోనోబె అనే ఊళ్లో పెరిగారు. చిన్నతనంలో కొండల్లో తిరుగుతూ, లాంతరు పట్టుకుని ఒక గుహలోకి వెళ్లిన అనుభవాన్ని ఆయన చెప్పుకున్నారు. ఆ గుహను తలపించే దృశ్యమే గేములో మొదటి తెర. మనం నడిపే పిల్లవాడు ఖాళీ నేల మీద నిలబడి ఉంటాడు, చేతిలో కత్తి ఉండదు, మూడు వైపులా దారులు ఉంటాయి, ఎదుట కొండలో నల్లటి గుహద్వారం ఒకటి కనిపిస్తుంది. లోపలికి వెళ్తే ముసలాయన కత్తి ఇస్తాడు. వెళ్లకపోతే కత్తి లేకుండానే తిరగవలసి వస్తుంది, దానికీ అడ్డు చెప్పేవారు ఉండరు. పైన 128 తెరల దేశం, కింద తొమ్మిది నేలమాళిగలు, ఎక్కడ ఏముందో తెలుసుకునే పని పూర్తిగా మనదే.

నేను దీన్ని ముప్పై అయిదేళ్ల వయసులో, పక్కన గళ్ల కాగితం పెట్టుకుని, ఒక్కో తెరకు ఒక్కో గడి చొప్పున గుర్తులు వేసుకుంటూ ఆడాను. కాగితం మీద ఆ దేశం కొద్దికొద్దిగా నిండుతున్నప్పుడు కలిగిన సంతోషం ఇటీవలి గేముల్లో నాకు దొరకలేదు, ఎందుకంటే వాటిలో మ్యాపు తనంతట తానే నిండిపోతుంది. ఆ రెండు వారాలూ రాత్రి ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాను.

ఏడో మాళిగ దగ్గరికి వచ్చేసరికి సంగతి కొంచెం మారింది. దాని ద్వారం ఒక కొలను అడుగున ఉంటుంది, గట్టున నిలబడి పిల్లనగ్రోవి ఊదితే నీరు ఇంకి మెట్లు కనిపిస్తాయి. దేవకన్యలు లేని చోట రహస్యాలు ఉంటాయని గేములోనే ఒకరు చెబుతారు కాబట్టి, మిగతా కొలనులో దేవకన్య ఉండి ఇక్కడ లేకపోవడాన్ని గమనించినవారికి అది న్యాయమైన చిక్కే. నేను గమనించలేదు, అది నా తప్పు. ఎనిమిదో మాళిగ అలాంటిది కాదు. దాని మెట్లు ఒక పొద కింద ఉంటాయి, ఆ పొదను కొవ్వొత్తితో కాల్చాలి, ఆ పొదనే కాల్చాలని ఎవరూ చెప్పరు. అంగట్లో కొనుక్కునే నీలం కొవ్వొత్తి తెరకు ఒక్కసారే వెలుగుతుంది. ఇంకో పొద మీద ప్రయత్నించాలంటే పక్క తెరలోకి వెళ్లి తిరిగి రావాలి. ఏడో మాళిగలో ఎర్ర కొవ్వొత్తి సంపాదించినవారికి ఆ బాధ తప్పుతుంది, కానీ వెతుకులాట తప్పదు. దీన్ని నేను ఆలోచనకు పెట్టిన పరీక్షగా ఒప్పుకోలేను, ఇది ఓపికకు పెట్టిన పరీక్ష.

మరి ఆనాటి పిల్లలు దీన్ని ఎలా పూర్తిచేశారు? వాళ్లు ఒంటరిగా ఆడలేదు. అమెరికాలో అమ్మిన పెట్టెలో వివరమైన పుస్తకంతోపాటు సగం గీసిన మడత మ్యాపు ఒకటి ఉండేది. నింటెండో సంస్థకు ఫోన్ చేసి సలహా అడిగే ఏర్పాటు ఉండేది. 1988 నుంచి నింటెండో పవర్ అనే పత్రిక ఇంటికి వచ్చేది. వీటన్నిటికీ తోడు బడిలో స్నేహితులు ఉండేవారు. ఒకడు కనిపెట్టిన పొద మర్నాటికి తరగతి మొత్తానికీ తెలిసిపోయేది. మీరు కాకినాడలో, ఇన్నేళ్ల తర్వాత, పుస్తకమూ మ్యాపూ స్నేహితుడూ లేకుండా ఆడి, విసుగొచ్చిందంటున్నారు. రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి.

మళ్లీ ప్రయత్నించేటట్లయితే ముందు ఆ పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో వెతికి చదవండి. అందులో కథ ఉంది, వస్తువుల పేర్లు ఉన్నాయి, ఏ శత్రువు ఎలాంటిదో ఉంది. పుస్తకం మీద ఆధారపడటంలోనూ ఒక చిక్కు ఉందని చెప్పాలి. పెద్ద చెవులు ఉన్న ఒక శత్రువుకు పెద్ద శబ్దం పడదని అందులో రాసి ఉంటుంది. జపాన్ ఫ్యామికామ్‌లో రెండో కంట్రోలర్‌కు మైకు ఉండేది, అందులో అరిస్తే ఆ శత్రువులు చనిపోయేవి. ఎన్ఈఎస్ కంట్రోలర్‌కు మైకు లేదు. వాక్యం మాత్రం పుస్తకంలో అలాగే మిగిలిపోయి, ఎందరో పిల్లల చేత వృథాగా పిల్లనగ్రోవి ఊదించి ఉంటుంది. ఎన్ఈఎస్‌లో వాటికి బాగా పనిచేసేది బాణం.

ప్రశ్న: మన దగ్గర దొరికిన క్యాసెట్లలో వందల గేములు ఉండేవి కదా, ఇలాంటి సాహస గేము ఒక్కటైనా ఎందుకు కనిపించేది కాదు?
(ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: మీరు ఆడిన యంత్రాలు చాలావరకు జపాన్ ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటితో వచ్చే క్యాసెట్ మీద ‘64 ఇన్ 1’ అనో, తొమ్మిదులు వరుసగా పేర్చిన ఇంకేదో సంఖ్యో ఉండేది. తెరిచి చూస్తే అసలు గేములు కొన్నే. మిగతావి అవే గేములు వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి. ఒకే చిప్పులో ఎక్కువ గేములు ఇరికించాలంటే చిన్న గేములే కావాలి. మొదటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఎన్ఈఎస్ జెల్డాలో గేము ఒక్కటే 128 కిలోబైట్లు. దానికి తోడు మెమరీని మార్చి మార్చి చూపే ప్రత్యేకమైన చిప్పు, ఆడినంతవరకు దాచుకోవడానికి 8 కిలోబైట్ల ర్యామ్, ఆ ర్యామ్ ఆరిపోకుండా ఒక బ్యాటరీ. చవకగా అమ్మవలసిన క్యాసెట్‌లో ఈ ఖర్చు పెట్టేవారు ఎవరూ ఉండరు.

దీనివల్ల మన తరానికి జరిగిందేమిటంటే, టీవీ ఆపేలోగా పూర్తయ్యే ఆటలే వీడియో గేములన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి, అడాప్టర్ వేడెక్కిందని అమ్మ కేకలేసేలోపు ముగించవలసిన ఆట అది. నెల రోజులపాటు సాగి, నిన్నటి చోటు నుంచి ఈ రోజు మొదలయ్యే గేము ఒకటి ఉంటుందని నాకు కాలేజీ చదువు పూర్తయ్యేదాకా తెలియదు. ఆ వయసులో తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రశ్న: మా అక్కా నేనూ చిన్నప్పుడు రెండు పెంగ్విన్ల గేము ఒకటి ఆడేవాళ్లం. ఒకటి కుడికి నడిస్తే రెండోది ఎడమకు నడిచేది. పేరు గుర్తులేదు. ఇప్పుడు ఆడినా అంత బాగుంటుందా?
(ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ గేము పేరు బైనరీ ల్యాండ్. 1985లో హడ్సన్ సాఫ్ట్ సంస్థ ఫ్యామికామ్ కోసం తెచ్చింది. పెంగ్విన్ల పేర్లు గురిన్, మాలోన్. తెర నడుమ గోడ, అటొకటి ఇటొకటి పెంగ్విన్, పైన పంజరంలో ఒక హృదయం. మనం ఒకదాన్ని నడిపితే రెండోది అద్దంలో ప్రతిబింబంలా కదులుతుంది, రెండూ ఒకేసారి హృదయానికి చెరోపక్కా చేరాలి. అటువైపు గోడలూ ఇటువైపు గోడలూ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకటి గోడకు తగిలి ఆగినప్పుడు రెండోది నడుస్తూనే ఉంటుంది. ఆ తేడాను వాడుకునే రెండింటినీ సరిచెయ్యాలి. సాలెగూడులో ఒకటి చిక్కుకుంటే రెండోది వచ్చి విడిపించాలి.

ఈ మధ్యే మళ్లీ ఆడాను. మొదటి పదిపన్నెండు తెరలు ఈ రోజుకీ ముచ్చటగానే ఉన్నాయి. ఒక్క నియమంతో ఇంత చిక్కు పుట్టించడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత కొత్త ఆలోచన పెద్దగా రాదు, సాలెపురుగులూ తొందరా పెరుగుతాయి. మీ అక్కగారితో కలిసి ఒక సాయంత్రం ఆడండి. కళ్లు ఒకరివి ఎడమవైపు, ఒకరివి కుడివైపు పెట్టుకుంటే ఒంటరిగా ఆడినదానికన్నా బాగుంటుంది.

ప్రశ్న: పాత సాహస గేములు ఆడేటప్పుడు గైడ్ చూడటం, సేవ్ స్టేట్ (ఆటను ఏ క్షణంలోనైనా దాచుకుని మళ్లీ అక్కడినుంచే ఆడటం) వాడటం మోసమని నా స్నేహితుడు అంటాడు. చూడకపోతే ముందుకు సాగడం లేదు, చూస్తే నేను ఆడినట్టు అనిపించడం లేదు. మీరు ఏం చేస్తారు?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: ఈ ప్రశ్నకు అన్ని గేములకూ వర్తించే సమాధానం లేదు, ఎందుకంటే ఒక్కో గేము ఒక్కో విధంగా మనల్ని ఆపుతుంది. ఆ ఆపడంలో న్యాయం ఉందా లేదా అన్నది చూసి నేను నిర్ణయించుకుంటాను.

స్టార్ ట్రాపిక్స్ అని 1990లో వచ్చిన ఎన్ఈఎస్ గేము ఉంది. నడుమ ఒకచోట గేము మనల్ని ఒక సంకేత సంఖ్య అడుగుతుంది, మామయ్య రాసిన ఉత్తరాన్ని నీళ్లలో ముంచి చూడమంటుంది. ఆ ఉత్తరం గేములో ఎక్కడా ఉండదు. క్యాసెట్ పెట్టెలో వచ్చిన అసలు కాగితం అది. నిజంగానే నీళ్లలో ముంచితే దాని మీద 747 అనే అంకెలు తేలతాయి. కొత్త పెట్టె కొన్న పిల్లలకు అది జన్మలో మరిచిపోలేని అనుభవమై ఉంటుంది. అద్దెకు తెచ్చుకున్నవారికి, పాత క్యాసెట్ కొన్నవారికి ఆట అక్కడితో ఆగిపోయింది. ఇక్కడ మీరు గైడ్ చూస్తే తప్పేమిటి? పోయిన కాగితాన్ని తెచ్చుకుంటున్నారు, అంతే. ఇప్పుడు నేనే ఆ అంకెలు చెప్పేశాను, ఆ సంకోచం కూడా మీకు అక్కరలేదు.

కాసిల్‌వేనియా వరుసలోని రెండో గేము సైమన్స్ క్వెస్ట్‌లో ఊళ్లలో కనిపించినవారందరూ ఏదో ఒకటి చెబుతారు, వారిలో కొందరు అబద్ధాలు చెబుతారు. ఒకతను డెబోరా అనే కొండచరియను తలతో కొడితే రంధ్రం పడుతుందంటాడు. నిజానికి అక్కడ చెయ్యవలసింది ఎర్ర స్ఫటికాన్ని చేత పట్టుకుని, చరియ ముందు వంగి కూర్చుని, సుడిగాలి వచ్చేదాకా కదలకుండా ఉండటం. ఆ గేములో సంగీతం నాకు ఎంతో ఇష్టం. పగలు రాత్రిగా మారి, దారి మీది శత్రువులు బలపడి, ఊళ్లో జనం మాయమయ్యే ఆలోచన ఆ కాలానికి ఎంతో కొత్తది. అయినా ఆ కొండచరియ దగ్గర నేను గైడ్ తెరిచాను, ఇప్పటికీ దానికి విచారించను. చెప్పని మాటను ఊహించలేకపోవడం ఓటమి కాదు.

షాడోగేట్ వేరే రకం. తెర మీద కోటలోని ఒక గది బొమ్మ, పక్కన చూడు, తెరువు, తీసుకో, కొట్టు వంటి మాటలు. దేన్ని దేనితో కలపాలో మనం ఆలోచించాలి. ఎన్ఈఎస్‌లో 1989లో వచ్చింది. తప్పు చేస్తే వెంటనే చావు, కానీ చచ్చిన ప్రతిసారీ కొంచెం ముందు నుంచే తిరిగి మొదలుపెట్టనిస్తుంది. అందుకని నేను చావుల్ని లెక్కచెయ్యకుండా అన్నీ ముట్టుకుని చూశాను, అలా చూడటమే అందులోని ఆనందం. అసలైన భయం కాగడాలది. కదిలిన కొద్దీ కాగడా కాలిపోతుంది, చేతిలో ఉన్నవి అయిపోతే చీకట్లో పడి చావడమే. అంటే అయిదు గంటలు ఆడాక, ఎప్పుడో మొదట్లో వృథా చేసిన కాగడాల వల్ల గేము పూర్తిచెయ్యడం అసాధ్యమైపోవచ్చు. దానికి సేవ్ స్టేట్ వాడాను, మీరూ వాడండి. చిక్కుల జవాబులకు మాత్రం గైడ్ చూడకండి. వాటిలో ఎక్కువ భాగం గదిలోని రాతలూ బొమ్మలూ శ్రద్ధగా చూస్తే తేలేవే.

గైడ్ చూసి నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. 1993లో గేమ్ బాయ్ అనే, చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ కోసం వచ్చిన జెల్డా గేము లింక్స్ అవేకెనింగ్‌లో ఏడో మాళిగ ఒక గోపురం. అందులో నాలుగు స్తంభాలు ఉంటాయి. ఒక ఇనుప గుండును గది గదికీ మోసుకెళ్లి, విసిరి, ఆ నాలుగింటినీ పడగొడితే పై అంతస్తు మొత్తం కింది అంతస్తు మీదికి దిగుతుంది. గుండును ఎటు చేర్చాలో అర్థంకాక, ఒక రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే, పట్టుమని ఇరవై నిమిషాలు కూడా ఆలోచించకుండా జవాబు చూసేశాను. మర్నాడు ఆ అంతస్తు దిగుతుంటే చూశాను, కానీ నా కళ్లకు అది ఎవరో కూల్చిన గోపురంలాగే ఉంది. అక్కడ కావలసినదంతా గేములోనే ఉంది, నాకు లేనిది ఓపిక. అప్పటినుంచి ఒక చిక్కు దగ్గర ఆగిపోతే కన్సోల్ ఆపేసి పడుకుంటాను, మూడు సాయంత్రాలు అదే చోట గడిస్తేనే గైడ్ తెరుస్తాను.

అదే లింక్స్ అవేకెనింగ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. చెట్టు బోదెల్లో టెలిఫోన్లు ఉంటాయి, ఫోన్ చేస్తే ఒక తాతగారు తర్వాత ఎటు వెళ్లాలో కొద్దిగా సూచిస్తారు. మొదటి జెల్డా కాలంలో క్యాసెట్ బయట ఉన్న సలహా ఏడేళ్లలో క్యాసెట్ లోపలికి వచ్చి కూర్చుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మొదటి జెల్డా కన్నా దీన్నే ముందు చెబుతాను. దీనికీ లోపాలు ఉన్నాయి: గేమ్ బాయ్‌కు ఉన్నవి రెండు బటన్లే కాబట్టి వస్తువులు మార్చుకోవడానికే మాటిమాటికీ ఆట ఆపాలి, బరువైన రాయికి పొరపాటున తగిలిన ప్రతిసారీ అది ఎత్తలేనంత బరువుందన్న సందేశమే మళ్లీ చదవాలి. ఇరవయ్యోసారి చదివేటప్పటికి ఎంతటి ప్రేమ ఉన్నవారికైనా విసుగు పుడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు చదవలేరు. ఊళ్లో ఉన్నప్పుడు రచ్చబండ దగ్గర పులిజూదంలో ఆయనను గెలిచినవారు తక్కువ. మా అబ్బాయి పాత గేములు ఆడుతుంటే పక్కన కూర్చుని ఆసక్తిగా చూస్తున్నారు. ఆయన ఆడగలిగే గేము ఏదైనా చెప్పండి.
(ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం కలిగిందమ్మా. సాహస గేముల్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, వాటి ప్రాణం ఇంగ్లీషు మాటల్లో ఉంది. పజిల్ గేములకు ఆ ఇబ్బంది లేదు. పులిజూదంలో మూడు పులులూ పదిహేను మేకలూ గీతల మీద అందరికీ కనిపిస్తూనే ఉంటాయి, దాచిపెట్టినది ఏమీ ఉండదు, అయినా ఎత్తు దొరకదు. మంచి పజిల్ గేము కూడా అలాగే ఉంటుంది. ఈ కారణం చేతనే పాత సాహస గేముల కన్నా పాత పజిల్ గేములు కాలానికి బాగా నిలిచాయని నా అభిప్రాయం: వాటికి పుస్తకం పోయినా, పత్రిక ఆగిపోయినా నష్టం లేదు.

నాన్నగారికి అడ్వెంచర్స్ ఆఫ్ లోలో ఇవ్వండి. హాల్ ల్యాబరేటరీ రూపొందించగా 1989లో ఎన్ఈఎస్‌కు వచ్చింది. మొత్తం 50 గదులు. గది అంతా ఒకే తెరలో కనిపిస్తుంది. గుండ్రటి నీలం బొమ్మ లోలో హృదయాలన్నీ ఏరుకుంటే పెట్టె తెరుచుకుంటుంది, పెట్టెలోని మణి తీసుకుంటే తలుపు తెరుచుకుంటుంది. అడ్డంగా ఉన్న పచ్చ దిమ్మలను నెట్టవచ్చు, లాగడం కుదరదు. శత్రువుల్లో ప్రతి ఒక్కటికీ ఒక స్వభావం ఉంది, అది ఎన్నడూ తప్పదు. ఒకటి కదలనే కదలదు. ఒకటి మనల్ని తాకగానే ఉన్నచోటే నిద్రపోతుంది. కాబట్టి దాన్ని ఎక్కడ నిద్రపుచ్చాలో ముందే ఆలోచించుకోవాలి. ఒకటి చివరి హృదయం తీసుకునేదాకా పడుకుని ఉండి, తీసుకోగానే లేచి నిప్పులు కక్కుతుంది. మెడూసా అనే శత్రువు చూపు వరుసలో అడ్డం లేకుండా నిలబడితే ప్రాణం పోతుంది, కాబట్టి దిమ్మను ముందు పెట్టుకోవాలి. కొన్ని గదుల్లో శత్రువును గుడ్డుగా మార్చి, నీళ్లలోకి నెట్టి, దాని మీద ఎక్కి అవతలికి దాటాలి.

ఒక గది ముందు నేను నాలుగు రోజులు కూర్చున్నాను. అయిదో రోజు బస్సులో వెళ్తుండగా, తెర ఎదుట లేకపోయినా, దిమ్మలన్నీ తలలో జరిగి దారి తేలింది. గది మొత్తం ఒకే తెరలో ఉండి, కంఠస్థం కావడం వల్లే అది సాధ్యమైంది. ఫ్యామికామ్ లోడ్ రన్నర్‌లో నన్ను బాధించింది ఈ వీలు లేకపోవడమే. నేలను తవ్వి కాపలావాళ్లను గోతిలో పడేస్తూ బంగారం ఏరుకునే ఆ గేము మన క్యాసెట్లలో చాలామంది చూసినదే, ఆలోచన ఎంతో అందమైనది. మొదట కంప్యూటర్‌లో వచ్చినప్పుడు మొత్తం తెర ఒకేసారి కనిపించేది. ఫ్యామికామ్‌లో బొమ్మలు పెద్దవి చేసి, తెరను పక్కకు జరిగేలా చేశారు. కనబడని సగంలో ఏం జరుగుతోందో తెలియకుండా ఎత్తు వెయ్యమంటే అది పులిజూదం బల్ల మీద సగం గుడ్డ కప్పినట్టే.

లోలోలో నాన్నగారికి కష్టమనిపించేది చేతివేగం. కొన్ని గదుల్లో గుడ్డు మళ్లీ శత్రువుగా మారేలోపు పని ముగించాలి. అలాంటి చోట మీ అబ్బాయి బటన్లు నొక్కి, తాతగారు ఎత్తు చెప్పవచ్చు. వేగంతో బొత్తిగా పనిలేని గేము కావాలంటే సోకోబాన్ ఉంది. జపాన్‌లో హిరోయుకి ఇమబయాషి రూపొందించిన ఈ గేములో గోదాములోని పెట్టెలను గుర్తులున్న చోట్లకు నెట్టాలి. గేమ్ బాయ్‌లో బాక్సిల్ పేరుతో దొరుకుతుంది. శత్రువులు లేరు, గడియారం లేదు. మూలకు నెట్టిన పెట్టె మళ్లీ ఇవతలికి రాదన్న ఒక్క మాట చెబితే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు.

ప్రశ్న: టెట్రిస్ పజిల్ గేమే కాదు, వేళ్ల వేగం తప్ప అందులో ఏమీ లేదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నాకు మాత్రం అది తప్ప ఇంకో గేము రుచించదు. ఎవరి మాట నిజం?
(ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. లోలో గదికి జవాబు ఉంటుంది, టెట్రిస్‌కు ఉండదు. వచ్చిన ముక్కను సర్దుకుంటూ పోవడమే. అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో దీన్ని రాసినప్పుడు ఆయన ముందున్న ఎలక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు చూపే శక్తి కూడా లేదు. బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పెట్టి చదరాలు చేశారు. నాలుగేసి చదరాలతో చెయ్యగల ఏడు ఆకారాలు, అంతే. 1989లో గేమ్ బాయ్‌తో అది ప్రపంచమంతా పాకింది.

వేగం సంగతికి వస్తే, ఎన్ఈఎస్ టెట్రిస్‌లో 29వ లెవెల్ దాటడం మనిషి వల్ల కాదని చాలాకాలం అనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల అబ్బాయి ఒకడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు, అక్కడ గేమే తట్టుకోలేక స్తంభించిపోయింది. అంతటి వేగంలోనూ అతను ముక్కను ఎక్కడ వెయ్యాలో ఆలోచించే వేశాడు కదా. మీవాడికి గేమ్ బాయ్‌లో బి రకం ఆట పెట్టి ఇవ్వండి. ముందే అడ్డదిడ్డంగా పడి ఉన్న చదరాల మీద సరిగ్గా 25 వరుసలు తీసెయ్యాలి. వేగం తగ్గించి, చెత్త ఎత్తు పెంచి ఆడమనండి. అది పజిల్ కాదని అప్పుడు అనగలడేమో చూద్దాం.

ప్రశ్న: మా అన్నయ్య 1990ల్లో అమెరికాలో చదువుకున్నప్పుడు కొన్న బంగారు రంగు జెల్డా క్యాసెట్, కన్సోల్‌తో సహా నా దగ్గర ఉన్నాయి. అన్నయ్య ఇప్పుడు లేడు. క్యాసెట్ ఒక్కోసారి పట్టుకోవడం లేదు, లోపల ఊది పెడుతున్నాను. బ్యాటరీ పాతదైపోయింది, మార్పించమని తెలిసినవారు అంటున్నారు. మార్పించమంటారా?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ముందుగా, ఊదడం ఈ రోజే మానెయ్యండి. నోటి తడి క్యాసెట్ అంచున ఉన్న రాగి పట్టీలకు తగిలి చిలుము పట్టిస్తుంది. ఊదినప్పుడు పనిచేసినట్టు కనిపించడానికి కారణం తీసి మళ్లీ పెట్టడమే. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి ఆ పట్టీలను తుడవండి, పూర్తిగా ఆరాక పెట్టండి. విశాఖ ఉప్పు గాలికి ఈ పని ఏడాదికి రెండుసార్లైనా చెయ్యవలసి రావచ్చు.

బ్యాటరీ విషయంలో తొందరపడకండి. అందులోది సీఆర్2032 అనే నాణెం ఆకారపు బ్యాటరీ, బోర్డుకు టంకం వేసి ఉంటుంది. దాన్ని తీసిన క్షణాన ర్యామ్‌లో దాచినదంతా చెరిగిపోతుంది. కాబట్టి ఎవరికీ ఇవ్వకముందు గేము పెట్టి, మొదట వచ్చే పేర్ల పట్టిక చూడండి. బ్యాటరీ ఇంకా బతికి ఉంటే, ఎనిమిది అక్షరాలకు మించకుండా అన్నయ్యగారు పెట్టుకున్న పేరు, ఆయన సంపాదించిన హృదయాలు, పేరు కింద ఆ ఆటలో ఆయన ఎన్నిసార్లు ఓడిపోయారో ఆ సంఖ్య కనిపిస్తాయి. ఫోటో తీసుకోండి. ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆపండి, గేము కూడా అదే చెబుతుంది. అలా చెయ్యకపోతే దాచినది చెడిపోయే ప్రమాదం ఉంది.

క్యాసెట్‌లోని సేవ్‌ను కంప్యూటర్‌లోకి తీసి, కొత్త బ్యాటరీ వేశాక తిరిగి అందులో రాసే పరికరాలు ఉన్నాయి. అవి ఉన్నవారి చేతే బ్యాటరీ మార్పించండి. ముందు కాపీ తీసి, మీకు చూపించాకే టంకం విప్పమనండి. అటువంటివారు దొరికేదాకా క్యాసెట్‌ను తడి తగలని చోట ఉంచండి, ఆ పట్టికలో అన్నయ్యగారి పేరు పక్కన ఖాళీగా ఉన్న వరుసలో మీ పేరు రాసుకుని ఆడండి. మూడు పేర్లకు అందులో చోటు ఉంది.